రైబోస్విచ్

రైబోస్విచ్ అనునది వార్తాహర ఆర్.ఎన్.ఏ. అణువులోని ఒక నియంత్రణ భాగం. ఇది కణంలో ఉన్న ఒక నిర్దిష్టమైన చిన్న అణువును, ఏ ప్రోటీను సహాయమూ లేకుండా, నేరుగా గుర్తుపట్టి పట్టుకొంటుంది. అలా పట్టుకొన్న వెంటనే తన ఆకారాన్ని మార్చుకొని, తాను మోస్తున్న జన్యు సందేశం అమలు కావాలో, ఆగిపోవాలో నిర్ణయిస్తుంది. విటమిన్ల నుండి ఏర్పడే సహ ఎంజైములు, అమైనో ఆమ్లాలు, ప్యూరిన్ క్షారాలు, కొన్ని లోహ అయాన్లు, ఫ్లోరైడ్ వంటివి రైబోస్విచ్‌లు గుర్తించే పదార్థాలలో ముఖ్యమైనవి. ఇవి ప్రధానంగా బాక్టీరియాలలో కనిపిస్తాయి. ఒక తరగతికి చెందిన రైబోస్విచ్ మాత్రం మొక్కలలోను, శిలీంధ్రాలలోను, శైవలాలలోను కూడా ఉన్నది.

రైబోస్విచ్‌లు పనిచేస్తాయని ప్రయోగపూర్వకంగా 2002వ సంవత్సరంలో నిరూపించబడినది. అప్పటి నుండి 50కి పైగా తరగతులు గుర్తించబడ్డాయి. రోగకారక బాక్టీరియాలలో ఇవి ఉండటం, మానవ కణాలలో ఇటువంటివి కనబడకపోవడం వలన కొత్త యాంటీబయాటిక్ మందులకు ఇవి లక్ష్యాలు కాగలవని శాస్త్రవేత్తలు భావిస్తున్నారు. క్షయ వ్యాధిని కలిగించే బాక్టీరియాలో కూడా రైబోస్విచ్‌లు ఉన్నాయి.

పేరు, పోలిక

రైబోన్యూక్లిక్ ఆమ్లం అనే పేరులోని 'రైబో', మీట అనే అర్థం గల 'స్విచ్' కలిసి ఈ పేరు ఏర్పడినది. విద్యుత్ మీట దీపాన్ని వెలిగించినట్లు, ఆర్పినట్లు, ఇది జన్యువు పనిని మొదలుపెట్టడమో ఆపడమో చేస్తుంది.

దీనిని చెరువు తూముతో పోల్చి అర్థం చేసుకొనవచ్చును. రాయలసీమ గ్రామాలలో చెరువు నీటిని చూసి, ఏ పొలానికి ఎంత వదలాలో నిర్ణయించి తూము తెరిచే వ్యక్తిని నీరుగంటి అంటారు. కణంలో సాధారణంగా ఈ నీరుగంటి పనిని నియంత్రణ ప్రోటీనులు చేస్తాయి. అవి పదార్థం ఎంత ఉన్నదో గమనించి, డి.ఎన్.ఏ. వద్దకు వెళ్ళి జన్యువును ఆపుతాయి లేదా నడుపుతాయి. రైబోస్విచ్ విషయంలో నీరుగంటి ఉండడు. నీటి మట్టాన్ని బట్టి తూమే తనంతట తాను మూసుకొంటుంది లేదా తెరుచుకొంటుంది.

నేపథ్యం

జన్యువులోని సమాచారం రెండు దశలలో ప్రోటీనుగా మారుతుంది. మొదట డి.ఎన్.ఏ. వరుసను చూసి ఆర్.ఎన్.ఏ. పాలిమరేజ్ అనే ఎంజైము వార్తాహర ఆర్.ఎన్.ఏ.ను తయారుచేస్తుంది. దీనిని అనులేఖనం అంటారు. తరువాత రైబోసోములు ఆ ఆర్.ఎన్.ఏ.ను చదివి అమైనో ఆమ్లాలను వరుసగా కూర్చుతాయి. దీనిని అనువాదం అంటారు. బాక్టీరియాలలో కేంద్రకం లేదు కనుక ఈ రెండు పనులూ ఒకే చోట, దాదాపు ఒకే సమయంలో జరుగుతాయి. ఆర్.ఎన్.ఏ. పోగు ఇంకా తయారవుతుండగానే రైబోసోములు దాని మొదటి భాగాన్ని చదవడం ప్రారంభిస్తాయి.

కణానికి కావలసిన ప్రతి పదార్థాన్ని ఎల్లప్పుడూ తయారు చేయడం వృథా వ్యయం. పరిసరాలలో ఒక విటమిన్ సమృద్ధిగా దొరుకుతున్నప్పుడు దానిని తయారుచేసే ఎంజైములు అనవసరం. 1961లో ఫ్రాన్సు శాస్త్రవేత్తలు ఫ్రాన్స్వా జాకబ్, జాక్ మోనో లాక్టోజ్ చక్కెరను ఉపయోగించుకొనే జన్యువుల నియంత్రణను వివరించినప్పటి నుండి, ఇటువంటి నిర్ణయాలను ప్రోటీనులే తీసుకొంటాయన్న భావన బలపడినది. ఆర్.ఎన్.ఏ.ను కేవలం వార్తను చేరవేసే అణువుగానే చూసేవారు.

ఆవిష్కరణ చరిత్ర

1990వ దశకంలో రెండు దిశల నుండి వచ్చిన పరిశోధనలు రైబోస్విచ్ ఆవిష్కరణకు దారి తీశాయి.

మొదటిది ప్రయోగశాలలో జరిగినది. 1990లో రెండు పరిశోధక బృందాలు, కోట్లాది యాదృచ్ఛిక ఆర్.ఎన్.ఏ. వరుసల నుండి ఒక నిర్దిష్టమైన అణువుకు అతుక్కొనే వాటిని ఏరి తీసే పద్ధతిని విడివిడిగా రూపొందించాయి. ఇలా ఎంపికైన ఆర్.ఎన్.ఏ.లకు ఆప్టమర్లు అని పేరు పెట్టారు. ఆర్.ఎన్.ఏ. కూడా ప్రోటీను వలె ఒక చిన్న అణువును కచ్చితంగా గుర్తుపట్టగలదని దీనితో తేలినది. మనిషి కొద్ది వారాలలో చేయగలిగిన దానిని ప్రకృతి ఇన్ని కోట్ల సంవత్సరాలలో చేసి ఉండదా అనే ప్రశ్న సహజంగానే తలెత్తినది.

రెండవది బాక్టీరియా జన్యుశాస్త్రం నుండి వచ్చినది. విటమిన్ బి12, థయమిన్, రైబోఫ్లావిన్, మెథియోనిన్ వంటి పదార్థాలకు సంబంధించిన జన్యువుల ముందు భాగంలో, వేర్వేరు బాక్టీరియాలలోనూ మార్పు లేకుండా నిలిచి ఉన్న వరుసలు కనిపించాయి. 1998లో ఫ్రాంక్ గ్రండీ, టీనా హెన్కిన్ బాసిల్లస్ సబ్టిలిస్‌లో మెథియోనిన్ సంబంధ జన్యువుల ముందున్న ఇటువంటి వరుసకు ఎస్-బాక్స్ అని పేరు పెట్టారు. ఈ జన్యువులను నియంత్రించే ప్రోటీను కోసం అనేకులు వెదికారు. అది దొరకలేదు.

2002లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో రోనాల్డ్ బ్రేకర్ బృందం ఆ ప్రోటీను లేదని, ఆర్.ఎన్.ఏ.యే స్వయంగా పదార్థాన్ని పట్టుకొంటున్నదని నిరూపించినది. అలీ నహ్వీ, నరసింహన్ సుదర్శన్ తదితరులు ఇ.కోలై బాక్టీరియాలో సహ ఎంజైము బి12 విషయంలోను, వేడ్ వింక్లర్ తదితరులు థయమిన్ పైరోఫాస్ఫేట్ విషయంలోను ఈ సంగతిని ప్రకటించారు. అదే సంవత్సరం ఎవ్జెనీ నుడ్లర్ బృందం కూడా థయమిన్, రైబోఫ్లావిన్ సంబంధ జన్యువులలో ఇదే నిర్ణయానికి వచ్చినది. శుద్ధి చేసిన ఆర్.ఎన్.ఏ.ను, పదార్థాన్ని మాత్రమే పరీక్షనాళికలో కలిపినా అవి రెండూ అతుక్కోవడం ఈ వాదానికి తిరుగులేని ఆధారమైనది.

ఈ పరీక్షకు వాడిన పద్ధతి సరళమైనది. ఆర్.ఎన్.ఏ. పోగు కాలక్రమంలో తనంతట తానే అక్కడక్కడ తెగిపోతుంది. వదులుగా కదలాడే చోట త్వరగా తెగుతుంది, గట్టిగా ముడిపడిన చోట నెమ్మదిగా తెగుతుంది. పదార్థాన్ని కలపకముందు, కలిపిన తరువాత తెగిన ముక్కలను పోల్చి చూస్తే ఏ భాగం బిగుసుకొన్నదో తెలుస్తుంది.

నిర్మాణం

రైబోస్విచ్ సాధారణంగా వార్తాహర ఆర్.ఎన్.ఏ. ప్రారంభంలో, ప్రోటీనుకు సంబంధించిన సందేశం మొదలయ్యే ముందు ఉంటుంది. ఇందులో రెండు భాగాలు కలవు.

1. ఆప్టమర్ భాగం: పదార్థాన్ని పట్టుకొనే భాగం. దీని పొడవు తరగతిని బట్టి సుమారు 35 నుండి 200 న్యూక్లియోటైడ్ల వరకు ఉంటుంది. పరిణామ క్రమంలో ఇది చాలా తక్కువగా మారుతుంది. దూరపు బంధువులైన బాక్టీరియాలలో కూడా దీని రూపం ఒకటే.

2. వ్యక్తీకరణ భాగం: ఆప్టమర్‌లో జరిగిన మార్పును జన్యు నియంత్రణగా మార్చే భాగం. ఇది ఒక బాక్టీరియా నుండి మరొక దానికి ఎంతో భిన్నంగా ఉంటుంది.

ఈ రెండు భాగాల మధ్య కొన్ని న్యూక్లియోటైడ్లు ఉమ్మడిగా ఉంటాయి. రైబోస్విచ్ పనితీరు రహస్యం ఇక్కడే ఉన్నది. ఆ ఉమ్మడి ముక్క ఆప్టమర్‌తో జతకడితే వ్యక్తీకరణ భాగం ఒక విధంగా ముడుచుకొంటుంది, జతకట్టకపోతే మరొక విధంగా ముడుచుకొంటుంది. రెండింటితో ఒకేసారి జతకట్టడం సాధ్యం కాదు.

ఆప్టమర్ల త్రిపరిమాణ రూపాలు 2004 నుండి ఎక్స్-కిరణ స్ఫటిక విధానం ద్వారా వెల్లడి అయినాయి. రాబర్ట్ బాటే బృందం, దిన్షా పటేల్ బృందం ప్యూరిన్ రైబోస్విచ్ ఆకృతులను ఆ సంవత్సరంలోనే ప్రకటించాయి. ఆర్.ఎన్.ఏ. ఆ పదార్థాన్ని దాదాపు అన్ని వైపుల నుండి కప్పివేస్తుందని, పిడికిట్లో గింజను పట్టుకొన్నట్లు ఉంటుందని వాటి వలన తెలిసినది.

పనిచేసే విధానం

అనులేఖనాన్ని ఆపడం

బాసిల్లస్ వంటి బాక్టీరియాలలో ఈ విధానం ఎక్కువ. పదార్థం చాలినంత ఉన్నప్పుడు అది ఆప్టమర్‌కు అతుక్కొంటుంది. అప్పుడు వ్యక్తీకరణ భాగం జడపిన్ను ఆకారంలో ముడుచుకొంటుంది. ఆ మడత తరువాత యురాసిల్ క్షారాలు వరుసగా ఉంటాయి. ఈ రెండూ కలిసినచోట ఆర్.ఎన్.ఏ. పాలిమరేజ్ డి.ఎన్.ఏ. నుండి విడిపోతుంది. సందేశం ఆదిలోనే ఆగిపోతుంది. పదార్థం లేనప్పుడు ఆ జడపిన్ను మడత ఏర్పడకుండా మరొక మడత అడ్డుపడుతుంది, సందేశం పూర్తిగా తయారవుతుంది.

అనువాదాన్ని ఆపడం

ఇ.కోలై వంటి బాక్టీరియాలలో ఈ విధానం సాధారణం. సందేశానికి ముందు రైబోసోము వచ్చి కూర్చొనే చోటు ఒకటి ఉంటుంది. పదార్థం అతుక్కొన్నప్పుడు ఆ చోటు మడతలో దాగిపోతుంది. ఆర్.ఎన్.ఏ. తయారైనప్పటికీ రైబోసోము దానిని చదవలేదు.

తనను తాను ఖండించుకోవడం

గ్లూకోజమిన్-6-ఫాస్ఫేట్‌ను గుర్తించే రైబోస్విచ్ వీటన్నిటికంటె భిన్నమైనది. 2004లో వెల్లడైన ఈ ఆర్.ఎన్.ఏ. ఎంజైము వలె కూడా పనిచేస్తుంది, అనగా ఇది ఒక రైబోజైము. ఆ పదార్థం అందగానే తన పోగును తానే ఖండించుకొంటుంది. తెగిన సందేశాన్ని కణం త్వరగా నశింపజేస్తుంది. బాక్టీరియా కణకవచానికి కావలసిన చక్కెర భాగాల ఉత్పత్తి ఈ విధంగా అదుపులో ఉంటుంది.

కాలంతో పోటీ

అనులేఖనాన్ని ఆపే రైబోస్విచ్‌లకు వ్యవధి చాలా తక్కువ. ఆప్టమర్ భాగం తయారైన క్షణం నుండి పాలిమరేజ్ వ్యక్తీకరణ భాగాన్ని దాటిపోయే లోపల నిర్ణయం జరిగిపోవాలి. అది సాధారణంగా కొద్ది సెకన్ల వ్యవహారం. అందువలన కొన్ని రైబోస్విచ్‌లు సమతాస్థితికి చేరేంత సమయం ఉండదు. పదార్థం ఎంత గట్టిగా అతుక్కొంటుంది అనేదానికంటె ఎంత వేగంగా అతుక్కొంటుంది అనేది అక్కడ ముఖ్యం. పాలిమరేజ్ మధ్యలో కొన్ని చోట్ల కొద్దిసేపు ఆగి, ఆర్.ఎన్.ఏ. ముడుచుకోవడానికి అవకాశం ఇస్తుంది.

ఎంపికలో కచ్చితత్వం

రైబోస్విచ్ తనకు కావలసిన పదార్థాన్ని దానిని పోలిన ఇతర పదార్థాల నుండి వేరుచేయగలగాలి. లేనిచో పొరపాటు సంకేతాలతో కణం నష్టపోతుంది. థయమిన్ రైబోస్విచ్, రెండు ఫాస్ఫేట్లు గల థయమిన్ పైరోఫాస్ఫేట్‌ను పట్టుకొన్నంత గట్టిగా ఫాస్ఫేట్లు లేని థయమిన్‌ను పట్టుకోదు. ఆర్.ఎన్.ఏ.కు, ఫాస్ఫేట్‌కు రెండింటికీ ఋణావేశం ఉన్నందున అవి సహజంగా వికర్షించుకోవాలి. మధ్యలో మెగ్నీషియం అయాన్లు నిలిచి ఈ రెండింటినీ కలుపుతాయి.

ప్యూరిన్ రైబోస్విచ్‌ల ఉదాహరణ విద్యార్థులకు ప్రత్యేకంగా ఉపయోగపడుతుంది. గ్వానీన్‌ను గుర్తించేది, అడినీన్‌ను గుర్తించేది ఆకృతిలో దాదాపు ఒకటే. గ్వానీన్‌ను పట్టే దానిలో ఒక నిర్ణీత స్థానంలో సైటోసిన్ ఉంటుంది, అడినీన్‌ను పట్టే దానిలో అదే స్థానంలో యురాసిల్ ఉంటుంది. గ్వానీన్ సైటోసిన్‌తోను, అడినీన్ యురాసిల్‌తోను జతకట్టడం పాఠ్యపుస్తకాలలోని నియమమే. ఆ ఒక్క అక్షరాన్ని మార్చితే రైబోస్విచ్ ఎంపిక కూడా మారిపోతుందని మౌమిత మండల్, బ్రేకర్ 2004లో చూపించారు.

ముఖ్యమైన తరగతులు

* థయమిన్ పైరోఫాస్ఫేట్ (2002): అత్యంత విస్తృతంగా కనిపించే తరగతి. మొక్కలలోను, శిలీంధ్రాలలోను కూడా కలదు.
* సహ ఎంజైము బి12 (2002): బి12ను గ్రహించే, తయారుచేసే జన్యువులను, బి12 అవసరం లేని ఎంజైముల జన్యువులను నియంత్రిస్తుంది.
* ఫ్లావిన్ మోనోన్యూక్లియోటైడ్ (2002): రైబోఫ్లావిన్, అనగా విటమిన్ బి2 ఉత్పత్తిని, రవాణాను నియంత్రిస్తుంది.
* ఎస్-అడినోసిల్ మెథియోనిన్ (2003): ఎస్-బాక్స్ రహస్యం దీనితో విడినది. ఈ ఒక్క పదార్థానికే పలు వేర్వేరు ఆకృతుల రైబోస్విచ్‌లు తరువాత దొరికాయి.
* గ్వానీన్ (2003), అడినీన్ (2004): ప్యూరిన్ క్షారాలు.
* లైసిన్ (2003): అమైనో ఆమ్లం.
* గ్లైసిన్ (2004): తరచుగా రెండు ఆప్టమర్లు పక్కపక్కనే ఉంటాయి. గ్లైసిన్ ఎక్కువైనప్పుడు దానిని విచ్ఛిన్నం చేసే జన్యువులను తెరుస్తుంది.
* మెగ్నీషియం (2006): లోహ అయాన్ల సమతుల్యత.
* సైక్లిక్ డై-జి.ఎం.పి. (2008): బాక్టీరియా స్వేచ్ఛగా ఈదాలో, గుంపుగా అతుక్కొని ఉండాలో తెలిపే సంకేత అణువు.
* టెట్రాహైడ్రోఫోలేట్ (2010): ఫోలిక్ ఆమ్లం నుండి ఏర్పడే సహ ఎంజైము.
* ఫ్లోరైడ్ (2012): విషపూరిత అయాన్ నుండి రక్షణ.
* గ్వానిడిన్ (2017): చాలాకాలం ఏ పదార్థాన్ని గుర్తిస్తుందో తెలియక 'అనాథ' తరగతిగా ఉండి, తరువాత గుర్తించబడినది.

రైబోస్విచ్ అంటే ఎప్పుడూ జన్యువును ఆపేదే అని భావించరాదు. తయారీ జన్యువులను సాధారణంగా ఆపుతాయి. విచ్ఛిన్నం చేసే, బయటకు పంపే జన్యువులను తెరుస్తాయి. కొన్నిచోట్ల రెండు రైబోస్విచ్‌లు జంటగా ఉంటాయి. బాసిల్లస్ క్లాసియై బాక్టీరియాలో ఒక జన్యువు ముందు ఎస్-అడినోసిల్ మెథియోనిన్‌ను, బి12ను గుర్తించే రెండూ వరుసగా ఉండి, వాటిలో ఏ ఒక్క పదార్థం ఉన్నా జన్యువును ఆపివేస్తాయని 2006లో తెలిసినది.

క్షయ బాక్టీరియాలో రైబోస్విచ్

క్షయ వ్యాధి చరిత్రలో ఆంధ్రప్రదేశ్ లోని మదనపల్లెకు ప్రత్యేక స్థానం కలదు. పట్టణ సమీపంలోని ఆరోగ్యవరంలో 1915లో యూనియన్ మిషన్ క్షయ శానటోరియం ప్రారంభమైనది. డెన్మార్కుకు చెందిన వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్-మోలర్ దీనికి నాయకత్వం వహించాడు. ఆనాడు క్షయను నయం చేసే మందు లేదు. పొడి వాతావరణం, స్వచ్ఛమైన గాలి, విశ్రాంతి, పుష్టికరమైన ఆహారం మాత్రమే చికిత్స. 1950వ దశకంలో మదనపల్లె పరిసర గ్రామాలలో బి.సి.జి. టీకా ప్రభావంపై పెద్ద క్షేత్ర పరిశోధన కూడా జరిగినది. స్ట్రెప్టోమైసిన్, ఐసోనయాజిడ్, రిఫాంపిసిన్ వంటి మందులు వచ్చిన తరువాత శానటోరియాల అవసరం తగ్గినది. కాని ఐసోనయాజిడ్‌కు, రిఫాంపిసిన్‌కు రెండింటికీ లొంగని బహుళ ఔషధ నిరోధక క్షయ వ్యాపించడంతో, బాక్టీరియాను కొత్త చోట దెబ్బతీసే మందుల అవసరం మళ్ళీ ఏర్పడినది. అందువలన క్షయ బాక్టీరియా తన జన్యువులను ఎలా నియంత్రించుకొంటుందో తెలుసుకోవడం కేవలం సిద్ధాంతపరమైన విషయం కాదు.

క్షయ బాక్టీరియా మైకోబాక్టీరియం ట్యుబర్‌క్యులోసిస్ మెథియోనిన్ అనే అమైనో ఆమ్లాన్ని రెండు ఎంజైముల ద్వారా తయారుచేసుకోగలదు. ఒకటి మెట్-హెచ్, దీనికి విటమిన్ బి12 అవసరం. రెండవది మెట్-ఇ, దీనికి బి12 అవసరం లేదు. మెట్-ఇ జన్యువు ముందు బి12 రైబోస్విచ్ ఉన్నది. బి12 దొరికినప్పుడు ఈ రైబోస్విచ్ మెట్-ఇ జన్యువును ఆపివేస్తుంది. అప్పుడు బాక్టీరియా మెట్-హెచ్ మీద ఆధారపడుతుంది.

2007లో దక్షిణాఫ్రికా శాస్త్రవేత్తలు డిగ్బీ వార్నర్, వలేరీ మిజ్రాహీ తదితరులు దీనికి చక్కని నిదర్శనం చూపారు. సి.డి.సి.1551 అనే క్షయ బాక్టీరియా రకంలో మెట్-హెచ్ జన్యువు కొంత భాగం లోపించి ఉన్నది. ఆ రకానికి బి12 అందించగా దాని పెరుగుదల కుంటుపడినది. కారణం స్పష్టం: రైబోస్విచ్ బి12ను గుర్తించి మెట్-ఇను మూసివేసినది, ప్రత్యామ్నాయమైన మెట్-హెచ్ పనిచేయలేదు, మెథియోనిన్ కరువైనది. సాధారణంగా పోషకమైన విటమిన్, రైబోస్విచ్ ద్వారా ఆ బాక్టీరియాకు ప్రతిబంధకమైనది. మెట్-హెచ్ సరిగా ఉన్న హెచ్.37.ఆర్.వి. రకానికి ఈ ఇబ్బంది లేదు.

దీనిని బట్టి క్షయ రోగులకు బి12 మందుగా పనిచేస్తుందని భావించరాదు. ఇది ఒక రకం బాక్టీరియా మీద ప్రయోగశాలలో కనిపించిన ఫలితం. అయితే రైబోస్విచ్‌ను బయటి నుండి మూయించగలిగితే బాక్టీరియా పెరుగుదలను అడ్డుకొనవచ్చుననే సూత్రానికి ఇది ఉదాహరణ.

ఫోలేట్ రైబోస్విచ్

పశ్చిమ గోదావరి ప్రాంతంలోని భీమవరంలో 1895 జనవరి 12న జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని సంశ్లేషించినది. లాక్టోబాసిల్లస్ కేసియై అనే బాక్టీరియా పెరగడానికి అవసరమైన పదార్థంగా దీనిని అప్పట్లో గుర్తించేవారు. అనగా మనుషుల రక్తహీనతకు మందైన ఈ విటమిన్ జాడను పట్టించినది ఒక బాక్టీరియా ఆకలి. ఫోలిక్ ఆమ్లాన్ని పోలి ఉండి దాని పనిని అడ్డుకొనే అమైనోటెరిన్, మెథోట్రెక్సేట్ కూడా అదే పరిశోధనల నుండి వచ్చాయి. 1948లో సిడ్నీ ఫార్బర్ అమైనోటెరిన్‌తో పిల్లల రక్త క్యాన్సరులో తాత్కాలిక ఉపశమనం సాధించాడు.

సుబ్బారావు 1948లో మరణించాడు. ఆ తరువాత ఆరు దశాబ్దాలకు, 2010లో, బాక్టీరియా తమ ఫోలేట్ నిల్వను ఎలా కొలుచుకొంటాయో తెలిసినది. కొన్ని గ్రామ్-పాజిటివ్ బాక్టీరియాలలో ఫోలేట్‌ను లోపలికి తెచ్చే ప్రోటీను జన్యువు ముందు టెట్రాహైడ్రోఫోలేట్‌ను గుర్తించే రైబోస్విచ్ ఉన్నదని బ్రేకర్ బృందం ప్రకటించినది. 2011లో దంతక్షయానికి కారణమయ్యే స్ట్రెప్టోకోకస్ మ్యూటన్స్ బాక్టీరియాకు చెందిన ఈ రైబోస్విచ్ ఆకృతి తెలిసినది. ఒకే ఆప్టమర్‌లో రెండు ఫోలేట్ అణువులు ఇమడటం అందులోని విశేషం.

పోషకాన్ని పోలిన పదార్థంతో కణాన్ని మోసపుచ్చడం అనే సుబ్బారావు కాలపు మార్గం ఎంజైములను లక్ష్యంగా చేసుకొన్నది. రైబోస్విచ్ మందుల ఆలోచన అదే మార్గాన్ని ఆర్.ఎన్.ఏ. మీదకు మళ్ళించినది.

ఫ్లోరైడ్ రైబోస్విచ్

తాగునీటిలో ఫ్లోరైడ్ ఎక్కువైతే పళ్ళు గారపట్టడం, ఎముకలు వంగిపోవడం వంటి లక్షణాలతో ఫ్లోరోసిస్ వ్యాధి వస్తుంది. భారతదేశంలో ఈ వ్యాధిని 1937లో నాటి మద్రాసు రాష్ట్రపు నెల్లూరు జిల్లా గ్రామాల నుండి వైద్యులు వివరించారు. తెలంగాణలోని నల్లగొండ ప్రాంతం దీనివలన దశాబ్దాల తరబడి బాధపడినది. పటిక, సున్నంతో నీటిలోని ఫ్లోరైడ్‌ను తొలగించే పద్ధతికి నల్లగొండ విధానం అనే పేరే స్థిరపడినది.

ఫ్లోరైడ్ బాక్టీరియాలకు కూడా విషమే. అది కణ శ్వాసక్రియకు సంబంధించిన ఎంజైములను అడ్డుకొంటుంది. 2012లో బ్రేకర్ బృందం అనేక బాక్టీరియాలలో ఫ్లోరైడ్‌ను గుర్తించి, దానిని బయటకు పంపే జన్యువులను తెరిచే రైబోస్విచ్‌ను కనుగొన్నది. ఫ్లోరైడ్ జీవక్రియలో తయారయ్యే పదార్థం కాదు. పైగా అది ఋణావేశం గల అతి చిన్న అయాన్, ఆర్.ఎన్.ఏ. కూడా ఋణావేశం గలదే. మూడు మెగ్నీషియం అయాన్లు ఫ్లోరైడ్‌ను చుట్టుముట్టి ఆర్.ఎన్.ఏ.కు కలుపుతాయని అదే సంవత్సరం పటేల్ బృందం చూపినది.

ఈ రైబోస్విచ్‌కు ఆచరణాత్మకమైన ఉపయోగం కూడా దొరికినది. అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో జూలియస్ లక్స్ బృందం బాసిల్లస్ సీరియస్ ఫ్లోరైడ్ రైబోస్విచ్‌తో, జీవకణాలు లేకుండానే పనిచేసే పరీక్షను 2020లో ప్రకటించినది. శీతలీకరించి ఎండబెట్టిన మిశ్రమంలో నీటి చుక్కను వేస్తే, ఫ్లోరైడ్ ఉన్నప్పుడు రంగు కనిపిస్తుంది. దీనిని కోస్టారికాలో సహజ జలాలపై పరీక్షించారు. లీటరుకు 2 మిల్లీగ్రాముల స్థాయిని ఇది గుర్తించగలిగినది. తాగునీటికి ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన పరిమితి 1.5 మిల్లీగ్రాములు కనుక, ఇటువంటి పరీక్షలకు మరికొంత సున్నితత్వం అవసరం. ఫ్లోరైడ్ రంగు, రుచి, వాసనలతో తెలిసేది కాదు. బోరుబావి వద్దనే ప్రయోగశాల అవసరం లేకుండా చేసుకోగల పరీక్ష విలువ ఈ ప్రాంతాల వారికి వేరుగా చెప్పనవసరం లేదు.

ఔషధ పరిశోధన

రైబోస్విచ్ ఉనికి తెలియకముందే కొన్ని పదార్థాలు వాటి మీద పనిచేస్తూ వచ్చాయి. థయమిన్‌ను పోలిన పైరిథయమిన్ బాక్టీరియాలను, శిలీంధ్రాలను చంపుతుందని చాలాకాలంగా తెలుసును. అది కణంలో పైరోఫాస్ఫేట్ రూపానికి మారి థయమిన్ రైబోస్విచ్‌కు అతుక్కొని, థయమిన్ తయారీని ఆపుతుందని 2005లో తెలిసినది. దానికి లొంగని బాక్టీరియాలలో రైబోస్విచ్ వరుసలోనే మార్పులు కనబడటం ఇందుకు ఆధారం. స్ట్రెప్టోమైసిస్ జాతి బాక్టీరియా తయారుచేసే రోసియోఫ్లావిన్ కూడా ఇదే విధంగా రైబోఫ్లావిన్ సంబంధ రైబోస్విచ్ మీద పనిచేస్తుంది.

2015లో మెర్క్ సంస్థ శాస్త్రవేత్తలు రైబోసిల్ అనే కృత్రిమ పదార్థాన్ని ప్రకటించారు. సహజ పదార్థాన్ని పెద్దగా పోలనప్పటికీ అది ఫ్లావిన్ మోనోన్యూక్లియోటైడ్ రైబోస్విచ్‌ను కచ్చితంగా పట్టుకొని, ఇ.కోలై పెరుగుదలను ఆపినది. ఎలుకలలో సంక్రమణను కూడా తగ్గించినది. ఆర్.ఎన్.ఏ.ను లక్ష్యంగా చేసుకొని మందు తయారుచేయడం సాధ్యమేనని ఈ ఫలితం తెలిపినది.

అయితే కొన్ని అవరోధాలు ఉన్నాయి.

* రైబోస్విచ్ వరుసలో ఒక్క అక్షరం మారినా మందు అతుక్కోలేకపోవచ్చును. కనుక నిరోధకత త్వరగా ఏర్పడే ప్రమాదం ఉన్నది.
* కొరవడిన విటమిన్‌ను బాక్టీరియా రోగి శరీరం నుండే గ్రహించగలిగితే దాని తయారీని ఆపి ప్రయోజనం ఉండదు. తయారీని, రవాణాను రెండింటినీ ఒకే రైబోస్విచ్ నియంత్రించే బాక్టీరియాలు ఇందుకు అనువైనవి.
* విటమిన్‌ను పోలిన మందు మనిషి శరీరంలోని ఎంజైములకు కూడా హాని చేయవచ్చును.
* మందు బాక్టీరియా కణకవచాన్ని దాటి లోపలికి చేరగలగాలి. క్షయ బాక్టీరియాకు ఉన్న మైనపు వంటి కవచం ఈ పనిని మరింత కష్టతరం చేస్తుంది.

రైబోస్విచ్‌ను లక్ష్యంగా పెట్టుకొని రూపొందించిన మందు ఏదీ ఇంతవరకు వైద్యుల వాడుకలోనికి రాలేదు.

పరిణామ ప్రాముఖ్యత

జీవావిర్భావపు తొలి దశలో డి.ఎన్.ఏ., ప్రోటీనులు లేని కాలంలో ఆర్.ఎన్.ఏ.యే సమాచారాన్ని దాచడం, రసాయన చర్యలను నడపడం రెండూ చేసినదని ఒక సిద్ధాంతం ఉన్నది. దీనిని ఆర్.ఎన్.ఏ. ప్రపంచం అంటారు. రైబోస్విచ్‌లు ఎక్కువగా గుర్తించే బి12, థయమిన్ పైరోఫాస్ఫేట్, ఫ్లావిన్, ఎస్-అడినోసిల్ మెథియోనిన్, ఫోలేట్ వంటివి అన్ని రకాల జీవులలోను కనిపించే ప్రాచీన సహ ఎంజైములు. వీటిలో కొన్ని స్వయంగా న్యూక్లియోటైడ్ భాగాలను కలిగి ఉన్నాయి. అందువలన కొన్ని రైబోస్విచ్ తరగతులు ఆ ప్రాచీన కాలపు అవశేషాలు కావచ్చునని బ్రేకర్ వంటి శాస్త్రవేత్తలు సూచించారు. అన్ని తరగతులూ అంత ప్రాచీనమైనవి కావు. కొన్ని ఒకటి రెండు బాక్టీరియా సమూహాలకే పరిమితమైనందున అవి తరువాతి కాలంలో ఏర్పడి ఉండవచ్చును.

రైబోస్విచ్ కాని కొన్ని ఆర్.ఎన్.ఏ. నియంత్రణలు

ఆర్.ఎన్.ఏ. ఆకారం మారి జన్యువును నియంత్రించే ప్రతి సందర్భాన్ని రైబోస్విచ్ అనరు. ఉష్ణోగ్రత పెరిగినప్పుడు మడత విడిపోయే ఆర్.ఎన్.ఏ.లను ఆర్.ఎన్.ఏ. ఉష్ణమాపకాలు అంటారు. ఇవి ఏ అణువునూ పట్టుకోవు. టి-బాక్స్ అనే వరుసలు చిన్న అణువును కాక, అమైనో ఆమ్లాలను మోసే టి-ఆర్.ఎన్.ఏ.ను గుర్తిస్తాయి. ట్రిప్టోఫాన్ జన్యువుల విషయంలో చార్లెస్ యనోఫ్‌స్కీ వివరించిన నియంత్రణలో రైబోసోము వేగం కొలమానంగా ఉంటుంది. రైబోస్విచ్ లక్షణం, చిన్న అణువును ఆర్.ఎన్.ఏ. తానే నేరుగా పట్టుకోవడం.

ఇవి కూడా చూడండి

* ఆర్.ఎన్.ఏ.
* రైబోజైము
* యల్లాప్రగడ సుబ్బారావు
* క్షయ
* ఆరోగ్యవరం
* ఫ్లోరోసిస్
* యాంటీబయాటిక్ నిరోధకత